రాయి చదివినవాళ్లు

తొలకరి పడి రెండు రోజులైంది. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల ఎర్రచేలల్లో జనం తలలు వంచుకుని నడుస్తున్నారు. పక్కపక్కనే ఉన్నా మాటల్లేవు. వాన మట్టిని కడిగి పోయాక, మళ్లీ దుమ్ము పట్టేలోగా, రాళ్ల మీద ఎండ ఏటవాలుగా పడే కొద్దిసేపే వజ్రాల వేటకు అదను. చెట్ల కింద పట్టాలు కట్టుకున్నారు. సద్దిమూటలు కొమ్మలకు వేలాడుతున్నాయి. ఏటా తొలి వానలకు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, రోజుల తరబడి నేలచూపులతోనే ఉండిపోతారు.

నాతో వచ్చిన మిత్రుడు భూగర్భ శాస్త్రవేత్త. ముప్పై ఏళ్లు దక్షిణాది కొండల్లో సుత్తి పట్టుకుని తిరిగిన మనిషి. ఆయనా తల వంచుకునే నడుస్తున్నారు.

"ఏం సార్, మీరూ వజ్రాలకేనా?" అంది గట్టు మీద కూర్చున్న పెద్దావిడ.

"కాదమ్మా, తెల్లరాళ్లు చూస్తున్నాం."

"తెల్లరాళ్లా? కావల్సినన్ని తీస్కపోండి సార్. మడక కట్టినప్పుడల్లా అవే అడ్డం పడతాంటాయి."

ఆవిడ చెప్పిన తెల్లరాయి పలుగురాయి. మిత్రుడు ఒకటి ఏరి సుత్తితో కొట్టారు. విరిగిన ముఖం మీద తుప్పు రంగు మరకలు, వాటి మధ్య అగ్గిపుల్ల తల పట్టేంత చిన్న చిన్న గూళ్లు. చేత్తో తీర్చినట్టు నలుచదరంగా ఉన్నాయి. ఒకప్పుడు వాటిలో పైరైట్ గడ్డలు కూర్చుని ఉండేవట. ఇనుమూ గంధకమూ కలిసిన ఆ ఖనిజం వానకూ గాలికీ కరిగిపోయి, తన ఆకారాన్ని ఖాళీగా వదిలి వెళ్లింది. ఆయన రాయిని నీళ్లతో తడిపి, మెడలో వేలాడే పదింతల భూతద్దాన్ని కంటికి ఆనించి, చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. పసుపు పచ్చగా ఒక చుక్క కనిపిస్తే జేబులోంచి సూది తీసి పొడిచారు. అది పొడై రాలింది. బంగారమైతే రాలదు, సొట్ట పడుతుంది. రాయిని మళ్లీ చేలోనే వేసి ముందుకు నడిచారు.

బంగారం వెతకడమంటే నూటికి తొంభై తొమ్మిది సార్లు జరిగేది ఇదే. ఆ నూరోసారి కోసం ఈ నేల మీద రెండువేల ఏళ్లకు పైగా మనుషులు రాళ్లు చదువుతూనే ఉన్నారు. వాళ్లలో మొదటివాళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్లు తవ్విన గుంతలు మాత్రం ఉన్నాయి.

గోడ చేరుపు

2017 ఆగస్టు 17న, సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్న కబురు గురుత్వ తరంగాలుగా భూమికి చేరింది. ఆ ఢీ నుంచి వచ్చిన వెలుగును పరిశీలించిన శాస్త్రవేత్తలు బంగారం, ప్లాటినం లాంటి బరువైన మూలకాలు ఇలాంటి ఢీలలోనే తయారవుతాయన్న వాదానికి గట్టి ఆధారం దొరికిందన్నారు. మన మెడలోని పుస్తె వయసు సూర్యుడి వయసు కంటే ఎక్కువన్నమాట.

భూమి కరిగిన ముద్దగా ఉన్న తొలి రోజుల్లో ఇనుముతో పాటే బంగారమూ చాలావరకు నడిగర్భానికి దిగిపోయింది. పైపొరలో మిగిలింది విదిలింపులు మాత్రమే. సగటున టన్ను రాతికి కొద్ది మిల్లీగ్రాములు. గని తవ్వి గిట్టుబాటు కావాలంటే టన్నుకు ఇంచుమించు ఒక గ్రాము ఉండాలి. అంటే వందల రెట్లు ఎవరో ఒకచోట పోగు చేసిపెట్టాలి. ఆ పని చేసింది నీళ్లు.

దక్కన్ పీఠభూమికి పునాది లాంటి ధార్వార్ శిలల్లో నల్లగా, పచ్చని ఛాయతో, పొరలు పొరలుగా విడిపోయే రాళ్ల పట్టీలు ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. షిస్ట్ పట్టీలంటారు. సుమారు 270 కోట్ల ఏళ్ల క్రితం అవి సముద్రం అడుగున పొంగిన లావా. నీళ్లలో చల్లారిన లావా దిండ్లు పేర్చినట్టు గడ్డకడుతుంది. ఆ ఆకారాలు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నచోట్లు కర్ణాటకలో ఉన్నాయి. కోలారు బంగారు గనుల పక్కనే పెద్దపల్లి అనే ఊళ్లో అలాంటి అగ్నిపర్వత శిలలను జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. ఊరి పేరు చూడండి, అచ్చ తెలుగు.

ఆ లావా పొరలు కాలక్రమంలో లోతుకు కూరుకుపోయి, ఒత్తిడికి నలిగి, వందల డిగ్రీల వేడికి ఉడికాయి. ఉడికిన రాళ్లు చెమట పట్టినట్టు తమలోని నీళ్లను వదిలాయి. ఆ వేడినీళ్లలో గంధకం కలిసి ఉంది. ఏ మామూలు ఆమ్లానికీ లొంగని బంగారం, గంధకం కలిసిన వేడినీటికి లొంగి కరిగిపోతుంది. కరిగిన బంగారాన్ని మోసుకుంటూ ఆ నీళ్లు పగుళ్ల దారి పట్టి పైకి ఎగబాకాయి. భూమి కంపించినప్పుడల్లా పగులు నోరు తెరుచుకుంటుంది, లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, నీటిలోని సిలికా తెల్లగా పేరుకుని పలుగురాయి అవుతుంది. పగులు మూసుకుంటుంది. మళ్లీ ఒత్తిడి పెరుగుతుంది, మళ్లీ తెరుచుకుంటుంది. కర్ణాటకలోని కోలారులోనో హట్టిలోనో పలుగురాతి తీగను అడ్డంగా కోసి చూస్తే, తెలుపూ నలుపూ గీతలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. ఒక్కో గీతా ఒక్కో భూకంపపు గుర్తు.

బంగారు పళ్లేనికైనా గోడ చేరుపు కావాలని మన సామెత. భూమి లోపల ఇది అక్షరాలా నిజం. పగులుకు అటూ ఇటూ ఉన్న నల్లరాయిలో ఇనుము దండిగా ఉంటే, నీటిలోని గంధకం బంగారాన్ని విడిచి ఇనుమును పట్టుకుంటుంది. అలా పుట్టేదే పైరైట్. చెయ్యి వదిలేసిన బంగారం అక్కడికక్కడే గోడకు చేరగిలబడిపోతుంది. అందుకే పలుగురాయి ఎంత తెల్లగా ఉన్నా, పక్కన నల్లరాతి గోడ లేకపోతే నా మిత్రుడు దాని వైపు చూడరు. పెద్దావిడ చేలో ఆయన ఏరింది కూడా ఒక అంచున నల్లచార ఉన్న రాయినే.

మన వైపు ఇలాంటి పట్టీలు చాలానే ఉన్నాయి. జొన్నగిరి ఒకటి. శ్రీ సత్యసాయి జిల్లాలో రామగిరి ఒకటి. గద్వాల పట్టీ తెలంగాణలో ఉంది. కోలారు పట్టీ దక్షిణపు కొస కుప్పం దగ్గర చిగరగుంట, బిసనత్తం దాకా వస్తుంది.

శాసనమూ గుంతా

జొన్నగిరికి దగ్గర్లోనే ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోకుడి ధర్మశాసనాలు ఉన్నాయి. పద్నాలుగు పెద్ద శాసనాలు, రెండు చిన్నవి. చిన్న శాసనంలో కొంత భాగాన్ని లేఖకుడు ఒక విచిత్రమైన పద్ధతిలో చెక్కాడు. ఒక వరుస ఎడమ నుంచి కుడికి, తర్వాతి వరుస కుడి నుంచి ఎడమకి. చేను చివర మడకను తిప్పుకుని వెనక్కి వచ్చినట్టు. ఆ బండ ముందు నిలబడి వరుసల వెంట వేలు తిప్పుతుంటే, అది చెక్కిన మనిషి ఈ చేలను చూస్తూ కూర్చుని చెక్కాడేమో అనిపించింది నాకు.

ఈ శాసనాలు 1920ల చివర్లో బయటి ప్రపంచానికి తెలిశాయి. వాటిని గుర్తించినది చరిత్రకారుడు కాదు, అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త. దానికి ముందు, 1915లో, నాటి నిజాం రాజ్యంలోని రాయచూరు జిల్లా మస్కిలో సి. బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు మరో శాసనాన్ని కనుగొన్నాడు. దేవానాంప్రియుడని మాత్రమే చెప్పుకున్న ఆ రాజు అశోకుడేనని పేరుతో సహా శాసనంలో తేలింది మొదట అక్కడే. అంటే అశోకుడి పేరును రాతి మీద మనకు చూపించినది బంగారం కోసం తిరిగిన మనిషి.

కాకతాళీయం అనుకోవచ్చు. నేను అనుకోను. దక్షిణాదిలో అశోకుడి చిన్న శాసనాలు ఉన్నచోట్లను పటం మీద చుక్కలు పెట్టి చూడండి. మస్కి, ఎర్రగుడి, పత్తికొండ దగ్గర రాజుల మందగిరి, ఇలా చాలావరకు బంగారు పట్టీల మీదో, వాటికి కూతవేటు దూరంలోనో పడతాయి. కర్ణాటకలోని బ్రహ్మగిరి శాసనం సువర్ణగిరి నుంచి రాకుమారుడూ మహామాత్రులూ పంపిన ఉత్తర్వుగా మొదలవుతుంది. ఆ సువర్ణగిరి జొన్నగిరేనని కొందరు, మస్కికి దగ్గరలోని కనకగిరి అని కొందరు వాదిస్తారు. ఏదైనా మౌర్యుల దక్షిణ రాజధాని పేరులోనే బంగారం ఉంది. రాజు మాట ఎక్కడ చెక్కించాలో నిర్ణయించినవాళ్లకు, మనుషులు ఎక్కడ గుమిగూడి పని చేస్తున్నారో తెలుసు.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో గనుల అధికారి పేరు ఆకరాధ్యక్షుడు. పాత గనిని ఎలా గుర్తించాలో ఆ గ్రంథం చెబుతుంది: చిట్టెం, మూసలు, బొగ్గులు, బూడిద చూసి. అంటే ఆ గ్రంథం నాటికే పాత గనులు అనే మాట ఉంది. అప్పటికే వాటిని వెతుక్కుంటూ అధికారులు తిరుగుతున్నారు. ఇవాళ్టి భూగర్భ శాస్త్రవేత్తలు "ఓల్డ్ వర్కింగ్స్" అనేది వీటినే. పటం మీద ఆ రెండు మాటలు కనిపిస్తే డ్రిల్లింగ్ మొదలుపెట్టేది అక్కడే.

హట్టిలో ఆ పాతవాళ్లు 640 అడుగుల లోతుకు దిగారు. ఇప్పటి లెక్కలో అరవై అంతస్తులు. పంపు లేదు, మందుగుండు లేదు. బండకు ఆనించి కట్టెలు పేర్చి మంట పెట్టేవారు. రాయి ఎర్రగా కాగాక నీళ్లు చల్లేవారు. పగిలిన ముక్కలను గునపాలతో ఊడబెరికి గంపల్లో చేతులు మార్చుకుంటూ పైకి చేర్చేవారు. పొగ పోయే దారి లేక ఎన్నిసార్లు ఉక్కిరిబిక్కిరి అయ్యుంటారో ఊహించుకోవాల్సిందే. ఆధునిక గని కార్మికులు ఆ పాత సొరంగాల్లోకి చొచ్చుకుపోయినప్పుడు వాళ్లకు బొగ్గులు, ఆసరాగా నిలిపిన కలప దొరికాయి. ఆ కలప వయసు సుమారు రెండు వేల ఏళ్లని రేడియోకార్బన్ పరీక్షలు చెప్పాయి. పైన బండల మీద రాయిని దంచిన రోళ్ల వంటి గుంటలు కనిపిస్తాయి. బంగారపు రాయిని పిండి చేసి, నీళ్లలో గాలించినవాళ్లు చేసిన గుంటలవి.

హట్టి గని ఇప్పటికీ నడుస్తోంది. నిజాం కాలంలో, 1947లో, హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో మొదలైన కంపెనీ ఇప్పుడు కర్ణాటక ప్రభుత్వానిది. మన దేశంలో తవ్వి తీసే బంగారంలో చాలా భాగం అక్కడిదే. ఏడాదికి సుమారు టన్నున్నర.

బండికి అంటిన మట్టి

1802. టిప్పు సుల్తాను పతనమై మూడేళ్లయింది. మైసూరు సరిహద్దుల సర్వే పని మీద కోలారు వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్‌కు ఇక్కడి మట్టిలో బంగారం ఉందన్న మాట చెవిన పడింది. చూపించినవాళ్లకు బహుమతి అని ప్రకటించాడు. ఊరివాళ్లు ఎడ్లబళ్లతో వచ్చి, బండికి అంటిన మట్టిని అతని కళ్ల ముందే కడిగి చూపించారు. అడుగున బంగారపు రేణువులు మెరిశాయి. 56 కిలోల మట్టికి ఒక గ్రెయిన్ బంగారం వస్తుందని అతను లెక్క తేల్చాడు. గ్రెయిన్‌ను తూకంగా తీసుకుంటే టన్నుకు గ్రాము కన్నా కాస్త ఎక్కువ. ఇవాళ నేలను పైనుంచే తవ్వే ఓపెన్ కాస్ట్ గనికి పెట్టుబడి పెట్టేవాళ్లు చూసే అంకె కూడా దాదాపు ఇంతే. ఏ ప్రయోగశాలా లేకుండా ఎక్కడి మట్టి కడగాలో ఆ ఊరివాళ్లకు తెలుసు. మారికుప్పం దగ్గర వారెన్ చూసిన గుంతల్లోనూ వాళ్లే దిగి రాయి తీస్తున్నారు, వాళ్ల ఇంటి ఆడవాళ్లే దాన్ని దంచి కడుగుతున్నారు. చరిత్ర పుస్తకాల్లో మాత్రం కోలారు బంగారాన్ని కనుగొన్నవాడిగా వారెన్ పేరే ఉంటుంది.

1871లో మైకేల్ లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు వారెన్ నివేదిక చదివి, బెంగళూరు నుంచి ఎడ్లబండి మీద కోలారు చేరాడు. మైసూరు ప్రభుత్వం నుంచి లైసెన్సు సంపాదించాడు. చేతిలో డబ్బు లేక కొన్నాళ్లకే హక్కులు వదులుకున్నాడు. ఇంకొన్నాళ్లకు వయనాడులో బంగారం పేరుతో లండన్ మార్కెట్‌లో కంపెనీలు పుట్టగొడుగుల్లా పుట్టి, రాయిని సరిగా పరీక్షించకుండానే యంత్రాలు దించి, రెండు మూడేళ్లలో కుప్పకూలాయి. కోలారుకూ ఆ గతే పట్టేది. 1880లో వచ్చిన జాన్ టేలర్ అండ్ సన్స్ పాత గుంతల అడుగునే ఇంకా లోతుకు దిగాలని పట్టుబట్టడంతో ఛాంపియన్ రీఫ్ అనే తీగ దొరికింది. పాతవాళ్లు నీళ్లు ఊరిన చోట ఆగిపోయారు. తీగ ఆగలేదు.

ఆ తర్వాతి కథ చాలామందికి తెలుసు. 1902లో కావేరి మీది శివసముద్రం నుంచి సుమారు 148 కిలోమీటర్లు తీగలు లాగి గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో దీపం వెలగడానికి అది మూడేళ్లు ముందు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా దిగి, ప్రపంచంలోని అతి లోతైన గనుల్లో ఒకటైంది. ఆ లోతున బండ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. పైనున్న కొండ బరువుకు బండలు ఉన్నట్టుండి పేలిపోయేవి. రాక్ బర్స్ట్ అనే ఆ మాటకు అర్థం గని కార్మికుల ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. పైన గిన్నెలు గలగలమంటే కింద ఎవరి షిఫ్ట్ అని లెక్కపెట్టుకునేవారు. ఉత్తర ఆర్కాటు నుంచీ చిత్తూరు నుంచీ వచ్చిన తమిళ, తెలుగు కూలీలు, ఎక్కువమంది దళితులు, ఆ చీకట్లో మూడు నాలుగు తరాలు గడిపారు. వాళ్ల ఊపిరితిత్తుల్లో పేరుకున్నది కూడా ఆ పలుగురాతి పొడే. దాని పేరు సిలికోసిస్.

ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. 1965లో, అదే గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డర్హమ్ శాస్త్రవేత్తలు వాతావరణ న్యూట్రినోల జాడ పట్టారు. ప్రపంచంలో అలాంటి తొలి పరిశీలనల్లో అదొకటి. బంగారం కోసం తవ్విన చీకటి ఆకాశాన్ని చదవడానికి పనికొచ్చింది.

తొలి ఏళ్లలో టన్నుకు పదుల గ్రాములిచ్చిన రాయి చివరికి మూడు నాలుగు గ్రాములకు పడిపోయింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. 120 ఏళ్లలో తీసిన బంగారం దాదాపు 800 టన్నులు. మన దేశం ఒక్క ఏడాదిలో కొనే బంగారం ఇప్పుడు ఇంచుమించు అంతే. నాలుగు తరాల ఊపిరి, మనకు ఒక ఏడాది పెళ్లిళ్లు, పండగలు, బ్యాంకు లాకర్లు. పైన మిగిలింది బంగారం తీశాక పారబోసిన 13 సయనైడ్ దిబ్బలు. మూడు కోట్ల టన్నులకు పైగా పిండిరాయి. వేసవి గాలులకు ఆ తెల్లటి దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. అందులో మిగిలిన బంగారాన్ని తీయాలన్న ప్రతిపాదనకు కర్ణాటక ప్రభుత్వం 2024లో ఒప్పుకుంది.

గాలింపు

తెలుగులో గాలించడం అంటే వెతకడం. బియ్యంలో రాళ్లు పోయేలా నీళ్లలో తిప్పి తీయడం కూడా గాలించడమే. బంగారం వెతికేవాళ్లకు ఈ రెండూ ఒకటే పని. వాగు మలుపులో, పెద్ద బండ వెనక, నీళ్లు నిదానించే చోట అడుగు ఇసుక తీసి వెడల్పాటి పళ్లెంలో పోసి తిప్పుతారు. బంగారం నీటి కన్నా 19 రెట్లు, పలుగురాయి రెండున్నర రెట్లు బరువు. తేలికైన ఇసుక అంచు దాటి పోతుంది. నల్లటి అయస్కాంత ఇసుక నెలవంకలా మిగులుతుంది. పళ్లాన్ని ఇంకొక్కసారి మెల్లగా వంచితే ఆ నెలవంక కొసన పసుపు చుక్కలు తోక కడతాయి. ఒకటి, రెండు, లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకుంటారు. చుక్కలు పెరిగే దిక్కుకు వాగు వెంట ఎగువకు నడుస్తారు. ఎక్కడ చుక్కలు ఆగిపోతాయో, అక్కడ వాగు విడిచి కొండ ఎక్కుతారు. తీగ ఆ పైనెక్కడో ఉంటుంది.

వాగు లేని చోట మట్టి చదవాలి. మట్టి కన్నా ముందు పుట్ట. మహాభారతం సభాపర్వంలో ధర్మరాజుకు కానుకగా వచ్చిన బంగారంలో పిపీలికం అనే రకం ఉంది, చీమలు తవ్వి తీసినది. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కూడా భారతదేశంలో బంగారం తవ్వే చీమల గురించి రాశాడు. అతిశయోక్తిగా కనిపించే ఈ మాటల వెనక ఒక నిజం ఉంది. చెదపురుగులు తేమ కోసం మీటర్ల కొద్దీ లోతుకు దిగి, అక్కడి మట్టిని పైకి మోస్తాయి. కింద ఖనిజం ఉంటే పుట్టమన్నులో దాని జాడ ఉంటుంది. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రం బోధించిన ఆచార్య ఇ.ఎ.వి. ప్రసాద్ వరాహమిహిరుడి బృహత్సంహితలోని పుట్టల, చెట్ల గుర్తులను ఆధునిక శాస్త్రం కళ్లతో చదివారు. ఆ తర్వాత చాలా ఏళ్లకు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చెదపుట్టల్లో, యూకలిప్టస్ ఆకుల్లో బంగారం ఉందని చూపితే ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. మన తిరుపతి పంతులుగారి పని మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో నాకు కనిపించలేదు. ఉండాలి.

ఆ తర్వాత యంత్రాలు వస్తాయి. విమానం నుంచి అయస్కాంత సర్వే, నేలలోకి కరెంటు పంపి గంధక ఖనిజాలను పసిగట్టే పద్ధతి, వందల మట్టి నమూనాలు. అన్నీ కలిపి చెప్పేది ఇక్కడ డ్రిల్ చేసి చూడొచ్చు అని మాత్రమే. ఉందా లేదా చెప్పేది డ్రిల్ ఒక్కటే. వజ్రాలు పొదిగిన బోలు బిట్టు రాయిని కోసుకుంటూ దిగి, లోపల కడ్డీలా మిగిలిన రాయిని పైకి తెస్తుంది. దాన్ని కోర్ అంటారు. మణికట్టు కన్నా కాస్త సన్నం. వరుసగా ట్రేల్లో పేర్చి, లోతు రాసి, నిలువునా రెండుగా కోస్తారు. సగం ప్రయోగశాలకు, సగం సాక్ష్యంగా షెడ్డులోకి.

ప్రయోగశాలలో జరిగేది చూస్తే ఏ కంసాలి అయినా గుర్తుపడతాడు. పొడి చేసిన రాయిని సీసపు భస్మంతో కలిపి మూసలో వెయ్యి డిగ్రీలకు పైగా కరిగిస్తారు. కరిగిన సీసం బంగారాన్ని, వెండిని వెతికి పట్టుకుని అడుగుకు దిగుతుంది. ఆ సీసపు గుండును ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో మళ్లీ కాలిస్తే సీసం గిన్నెలోకి ఇంకిపోయి, ఆవగింజ కన్నా చిన్న పూస మిగులుతుంది. మన ఊళ్లో పుటం పెట్టడం అన్నది ఇదే. ఎన్ని కొత్త యంత్రాలు వచ్చినా, బంగారం లెక్కలో చివరి మాట ఇప్పటికీ పుటానిదే.

ఒక చిక్కు ఉంది. బంగారం రాతిలో సమంగా పరుచుకుని ఉండదు. ఒక పిడికెడులో దొరికి, పక్క పిడికెడులో సున్నా రావచ్చు. ఒక మంచి అంకె చూసి పొంగిపోయిన కంపెనీలు మునిగాయి, ఒక సున్నా చూసి వదిలేసిన చోట్ల తర్వాత గనులు వచ్చాయి. అందుకే వందల రంధ్రాలు వేస్తారు, ఏళ్లు పడుతుంది.

కంచె లేని గుంతలు

జొన్నగిరి, ఎర్రగుడి, పగిడిరాయి గ్రామాల నేలలో బంగారు గని లీజు 2013లో జియోమైసూర్ అనే ప్రైవేటు సంస్థకు వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రైవేటు రంగంలో మొదలైన తొలి పెద్ద బంగారు గని ప్రయత్నం ఇదే. ఇది కోలారులా సొరంగం కాదు, నేలను పైనుంచి అంచెలంచెలుగా తవ్వుకుపోయే ఓపెన్ కాస్ట్. రాతిలో బంగారం టన్నుకు గ్రామున్నర అటూ ఇటూ. పది గ్రాముల గాజుకు ఆరేడు టన్నుల రాయి పిండి కావాలి. దాన్ని చేరడానికి తొలగించే ఉత్త రాయి వేరే.

గని వద్దని నేననను. మెడలో బంగారం వేసుకుని, దాన్ని ఎక్కడో ఆఫ్రికాలోనో పెరూలోనో తవ్వుకోండి, దుమ్ము వాళ్లే మింగనివ్వండి అనే హక్కు మనకు లేదు. కానీ రామగిరిని చూశాను. అక్కడా పాతవాళ్ల గుంతలే ముందు, తర్వాత బ్రిటిష్ కంపెనీలు, తర్వాత ఎప్పమాన గనిలో భారత్ గోల్డ్ మైన్స్. 2001లో కోలారుతో పాటే అదీ ఆగిపోయింది. జీతాలు ఆగాయి, దిబ్బలు మిగిలాయి. గని తెరిచే రోజునే మూసే రోజు లెక్క కూడా ఊరి ముందు పెట్టాలి. నీళ్లు ఎంత తీస్తారు, సయనైడ్ కలిసిన బురదను ఎక్కడ ఆపుతారు, ఎన్నేళ్లు కాపలా కాస్తారు అన్నది అనంతపురం, కర్నూలు లాంటి వాన తక్కువ జిల్లాల్లో బంగారం లెక్క కన్నా ముందు చెప్పాల్సిన లెక్క.

ఇంకొకటి అడగాలి. దీన్ని అడిగేవాళ్లు తక్కువ. ఎర్రగుడి శాసనానికి కంచె ఉంది, పురావస్తు శాఖ బోర్డు ఉంది. మంచిదే. కానీ రాజు మాట చెక్కిన రాయి ఎంత విలువైనదో, ఆ రాజును ఇక్కడిదాకా రప్పించిన రాయి చదివిన మనుషుల గుంతలు అంతే విలువైనవి. నేను తిరిగిన కొండల్లో ఏ గుంతకూ కంచె చూడలేదు. ఓపెన్ కాస్ట్ తవ్వకం సరిగ్గా పాత గుంతలున్న చోటే మొదలవుతుంది, ఎందుకంటే తీగ అక్కడే ఉంది. ఒక్క వేసవిలో ఒక ఎక్స్‌కవేటర్ రెండువేల ఏళ్ల పనిని మింగేయగలదు. తవ్వకం ఆపమని కాదు. తవ్వే ముందు ప్రతి పాత గుంతనూ కొలిచి, లోతు రాసి, అడుగున దొరికే బొగ్గునూ కలపనూ సుత్తి గుర్తునూ భద్రపరచాలి. డ్రిల్ కోర్‌ను సగం దాచుకోవడం నియమమైనప్పుడు, దీన్నీ నియమం చేయడం కష్టం కాదు. ఒక పురావస్తు శాస్త్రవేత్త, ఒక సర్వేయరు, రెండు నెలలు. గని ఖర్చులో అది గురివింద గింజ ఎత్తు.

సాయంత్రం మిత్రుడు తన పాత ఫైళ్లలోంచి ఒక డ్రిల్లింగ్ లాగ్ తీసి చూపించారు. ఎప్పుడో ఏళ్ల క్రితం, ఈ పట్టీల్లోనే ఒకచోట, ఒక పాత గుంతకు పక్కగా వేసిన రంధ్రం. ఎడమ వరుసలో లోతు, మధ్యలో రాయి పేరు, కుడి చివర బంగారం. నల్లరాయి, సున్నా. నల్లరాయి, సున్నా. పలుగురాయి, 0.8. పలుగురాయి, 2.1. ఆ తర్వాత రెండు మీటర్ల మేర కోర్ రాలేదు. బిట్టు ఉన్నట్టుండి జారి కిందికి పడిందట. మళ్లీ రాయి తగిలింది, పలుగురాయి, 3.4. అంటే మంచి రాయి ఎక్కడుందో ఆ పాతవాళ్లు గ్రాము తేడా లేకుండా పట్టుకుని, ముందే తీసుకెళ్లిపోయారు.

ఆ రెండు మీటర్ల ఎదురుగా డ్రిల్లర్ పెన్సిల్‌తో ఒకే మాట రాశాడు: "ఖాళీ."